పేరు చెక్కని పతకాలు: సముద్రంలో పోయిన కుర్ర నావికుడి మెడల్స్ గుర్తించి, దాచడం ఎలా?

రెండో ప్రపంచ యుద్ధంలో ఓడతోపాటు మునిగిపోయిన కుర్రాడి పతకాలు ఇంటికి ఒక చిన్న అట్టపెట్టెలో వచ్చేవి. పెట్టె మీద ఇంటి చిరునామా ఉండేది. లోపల కాగితపు సంచుల్లో పతకాలు, విడిగా మడిచిన రిబ్బన్లు, ఏయే పతకాలు పంపారో చెప్పే చీటీ, చనిపోయినవాడి తరఫున పంపారు కాబట్టి ఒక సంతాప చీటీ. తల్లి చేతికి అందింది అంతే.

ఈ పతకాల విషయంలో అన్నిటికన్నా ముందు తెలుసుకోవాల్సింది ఒకటుంది. మొదటి ప్రపంచ యుద్ధపు పతకాలకు అంచు మీదో వెనకో నంబరు, పేరు, హోదా అచ్చు గుద్ది ఇచ్చారు. రెండో యుద్ధానికి బ్రిటన్ తన నావికులకు ఇచ్చిన నక్షత్రం ఆకారపు ‘స్టార్’ పతకాల మీద, వార్ మెడల్ మీద ఏ పేరూ లేదు. వెనక వైపు నున్నగా ఉన్న ఆ నక్షత్రం ఎవరిదైనా కావచ్చు. అది ఫలానా కుర్రాడిదని చెప్పేవి ఆ పెట్టె, ఆ రెండు చీటీలు మాత్రమే. వాటిని వేరు చేస్తే పతకం మిగులుతుంది, మనిషి పోతాడు. కింద చెప్పే పనులన్నీ ఆ ముడి తెగకుండా చూసుకోవడానికే.

1. ముట్టుకోకముందు ఫొటో

పెట్టె తెరవగానే దేన్నీ బయటికి తీయకండి. మూసిన పెట్టె నాలుగు వైపులా, తెరిచాక పైనుంచి, తర్వాత ఒక్కొక్క పొర తీస్తూ ఫొటోలు తీయండి. ఏ రిబ్బను ఏ పతకం పక్కన ఉంది, చీటీ పైన ఉందా అడుగున ఉందా అన్నది తర్వాత అక్కరకొస్తుంది. పతకాలను రెండు వైపులా, పక్కన స్కేలు పెట్టి తీయండి. ఫ్లాష్ వద్దు, లోహం మీద వెలుగు పడి అక్షరాలు కనబడవు. కిటికీ పక్కన, వెలుగు ఏటవాలుగా పడేలా పెడితే చాలు. కాగితాలను 600 డీపీఐలో, వెనక వైపుతో సహా స్కాన్ చేయండి. పెన్సిల్‌తో రాసిన అంకెలు ఎక్కువగా వెనకే ఉంటాయి.

చేతులకు నైట్రైల్ గ్లవ్స్ వేసుకోండి. మన వేళ్ల చెమటలో ఉప్పు ఉంటుంది. ఈరోజు కనబడని వేలిముద్ర, రెండు వానాకాలాలు గడిచేసరికి లోహం మీద గోధుమరంగు మచ్చగా తేలుతుంది. ఆ మచ్చ తర్వాత పోదు.

2. మనిషిని పట్టుకోండి

పతకాలతో కాదు, పేరుతో మొదలుపెట్టాలి. యుద్ధాల్లో పోయిన కామన్వెల్త్ దళాల వారి సమాధులు, స్మారకాలు చూసుకునే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వెబ్‌సైట్‌లో పేరు, చనిపోయిన సంవత్సరం, దళం ఇచ్చి వెతకండి. హోదా, సర్వీసు నంబరు, ఓడ, చనిపోయిన తేదీ, ఏ స్మారకం మీద ఏ పలకపై పేరుందో వస్తాయి. వయసు, తల్లిదండ్రుల పేర్లు కొందరికే ఉంటాయి. సమాధి లేని నౌకాదళం వారి పేర్లు ప్లిమత్, పోర్ట్స్‌మత్, చాతమ్ స్మారకాల మీద, బ్రిటిష్ సరుకు ఓడల వారి పేర్లు లండన్ టవర్ హిల్ స్మారకం మీద ఉంటాయి. రాయల్ ఇండియన్ నేవీ వారినీ, భారతీయ వాణిజ్య నావికులనూ ముంబయి, చిట్టగాంగ్ స్మారకాల కింద చూడాలి. అక్కడ 6,000 పైచిలుకు పేర్లున్నాయి.

నౌకాదళం వారి సర్వీసు నంబరు ముందున్న అక్షరాలు వదిలేయకండి. మొదటి అక్షరం అతను ఏ నౌకాదళ స్థావరం కిందివాడో చెబుతుంది. ‘డి’ అంటే డెవన్‌పోర్ట్, ‘పి’ అంటే పోర్ట్స్‌మత్, ‘సి’ అంటే చాతమ్. ఆ తర్వాత ‘జెఎక్స్’ ఉంటే డెక్ మీద పనిచేసేవాడో సిగ్నల్స్ వాడో, ‘కెఎక్స్’ ఉంటే బాయిలర్ దగ్గర స్టోకర్. ఒకే పేరున్న ఇద్దరిని విడదీయడానికి ఇంతకన్నా తేలిక దారి లేదు.

భారతీయ నావికుల దగ్గర చిక్కంతా పేరు స్పెల్లింగ్‌తోనే. ఓడ గుమాస్తా చెవికి ఎలా వినబడితే అలా రాసుకున్నాడు. అప్పన్న, అప్పలస్వామి లాంటి పేర్లు ఇంగ్లిష్‌లో నాలుగైదు రకాలుగా ఉంటాయి. ఇంటిపేరు చాలాసార్లు ఉండదు. అందుకని పేరుతో దొరక్కపోతే ఓడ పేరుతోనూ తేదీతోనూ వెతికి, ఆ రోజు ఆ ఓడలో పోయిన అందరి జాబితా తీయండి. సరంగు, టిండాల్, లస్కర్, భండారీ, పానీవాలా, టోపాస్ అన్న మాటలు పేరులో భాగం కావు, అవి ఓడ మీది కొలువులు.

3. నీటి మీద ఎన్నాళ్లు, ఒడ్డున ఎన్నాళ్లు?

ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. సర్వీసు కాగితంలో ‘హెచ్ఎంఎస్’ (బ్రిటిష్ యుద్ధనౌకల పేర్ల ముందు ఉండే అక్షరాలు) అని కనబడితే అది ఓడే అనుకుంటారు. కాదు. హెచ్ఎంఎస్ గ్యాంజెస్ ఇంగ్లండ్‌లోని షాట్లీ ఒడ్డున కుర్రాళ్లకు శిక్షణ ఇచ్చిన బడి. హెచ్ఎంఎస్ డ్రేక్, హెచ్ఎంఎస్ పెంబ్రోక్ బ్యారక్‌లు. ‘విక్టరీ’ అని రాసి ఉంటే చాలాసార్లు పోర్ట్స్‌మత్ బ్యారక్ అని అర్థం. విశాఖలోని ఐఎన్ఎస్ సర్కార్స్ ఓడ కాదని మనవాళ్లకు తెలుసు కదా, ఇదీ అంతే. ఆ నేవీ అలవాటే మన నేవీకీ వచ్చింది.

ఎందుకింత పట్టింపు అంటే, 1939-45 స్టార్‌కు నౌకాదళం వారికి కావాల్సింది యుద్ధ ప్రాంతంలో ఓడ మీద 6 నెలలు. ఒడ్డున శిక్షణలో గడిపిన నెలలు అందులో చేరవు. వార్ మెడల్‌కు మాత్రం ఎక్కడైనా సరే 28 రోజుల పూర్తికాలపు సర్వీసు చాలు. వాణిజ్య నావికులకైతే ఆ 28 రోజులూ సముద్రం మీద ఉండాలి. సర్వీసు వల్ల వచ్చిన మరణంతో కాలం మధ్యలో ఆగిపోతే, గడువు నిండలేదని పతకం ఆపలేదు.

ఒక కాగితం తీసుకుని మూడు గడులు గీయండి: ఓడ పేరు, ఎక్కిన తేదీ, దిగిన తేదీ. నాలుగో గడి మీరే కలపండి: నీటి మీదా, ఒడ్డునా? 16 ఏళ్లకు ‘బాయ్’ అనే కుర్ర నావికుడి హోదాలో చేరి 18 నిండకముందే పోయినవాడి జీవితం నాలుగైదు వరుసల్లో అయిపోతుంది. ఆ వరుసలు రాస్తున్నప్పుడు చేయి ఒకసారి ఆగితే ఆగనివ్వండి.

4. తేదీ, చోటు చూసి పతకాలు లెక్కగట్టడం

మన తీరానికి దగ్గరగా జరిగిన సంగతితోనే చూద్దాం. 1942 ఏప్రిల్‌లో జపాన్ నౌకాదళం హిందూ మహాసముద్రంలోకి చొచ్చుకొచ్చింది. 5వ తేదీన సిలోన్‌కు నైరుతిగా డార్సెట్‌షైర్, కార్న్‌వాల్ క్రూయిజర్లను ముంచింది. ఆ రెంటిలో 424 మంది పోయారు. 6వ తేదీన విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులు పడ్డాయి. ఆ రోజుల్లోనే బంగాళాఖాతంలో సరుకు ఓడలు వరసగా మునిగాయి. 9వ తేదీన బట్టికలోవా దగ్గర విమానవాహక నౌక హెర్మీస్ మునిగి 307 మంది చనిపోయారు.

ఒక కుర్రాడిని ఊహించుకోండి. 1941 జనవరిలో 16 ఏళ్లకు శిక్షణలో చేరాడు. ఆగస్టులో మొదటిసారి ఓడ ఎక్కాడు. తర్వాత హెర్మీస్‌కు మారి ఏప్రిల్ 9న పోయాడు. ఫిబ్రవరికల్లా ఓడ మీద 6 నెలలు నిండాయి కాబట్టి 1939-45 స్టార్ వచ్చేసింది. ఇక బర్మా స్టార్. నేవీవాళ్లకు అది బంగాళాఖాతం సర్వీసుకు ఇచ్చారు, అయితే 1939-45 స్టార్ ముందు సంపాదించి ఉండాలి. తేదీలు 1941 డిసెంబర్ 11 నుంచి 1945 సెప్టెంబర్ 2 వరకు. బంగాళాఖాతం అంటే ఎక్కడిదాకా అన్నదానికి ఒక గీత గీశారు: సిలోన్ దక్షిణపు కొస నుంచి నేరుగా దక్షిణానికి 300 మైళ్లు, అక్కణ్నుంచి సుమత్రా దక్షిణపు కొసకు పడమరగా 300 మైళ్ల దూరంలోని బిందువు దాకా, ఆపైన తూర్పుగా సుండా జలసంధి దాకా. బట్టికలోవా సిలోన్ తూర్పు తీరం, గీత లోపల. కాబట్టి మన కుర్రాడికి మూడు: 1939-45 స్టార్, బర్మా స్టార్, వార్ మెడల్.

అదే కుర్రాడు నాలుగు రోజుల ముందు డార్సెట్‌షైర్‌లో పోయి ఉంటే? ఆ ఓడ మునిగిన చోటు సిలోన్ దక్షిణపు కొసకు పడమరగా ఉంది, గీత బయట. మునిగిన చోటును బట్టి బర్మా స్టార్ రాదు. అంతకుముందు ఎప్పుడైనా బంగాళాఖాతంలో తిరిగి ఉంటేనే వస్తుంది. ఒకే వారం, ఒకే శత్రువు, ఒకే వయసు, పతకాలు మాత్రం వేరు. అందుకే ‘ఆసియాలో పోయాడు కాబట్టి బర్మా స్టార్’ అని గుడ్డిగా లెక్కగట్టకండి. అట్లాసు తెరిచి స్కేలు పెట్టండి.

మిగతావి క్లుప్తంగా. అట్లాంటిక్ స్టార్‌కు 1939-45 స్టార్ సంపాదించాక మరో 6 నెలలు ఓడ మీద గడపాలి. ఉత్తర ధ్రువ వృత్తం దాటిన వారికి ఆర్కిటిక్ స్టార్ ఉంది. దీన్ని చాలా ఆలస్యంగా, 2013లో ఇవ్వడం మొదలుపెట్టారు కనుక అప్పటి అట్టపెట్టెలో అది ఉండదు. అందులో లేదని అర్హత లేదనుకోకండి. పసిఫిక్, బర్మా స్టార్లు రెండూ ఒకరికి ఇవ్వరు. ముందు సంపాదించినది స్టార్‌గా, రెండోది దాని రిబ్బను మీద చిన్న పట్టీగా వస్తుంది. ఇండియా సర్వీస్ మెడల్ భారతీయ దళాల వారికి ఇచ్చారు గానీ, దానికి 3 ఏళ్ల సర్వీసు కావాలి. చేరిన ఏడాదికే సముద్రంలో పోయిన కుర్రాడి వరసలో అది కనబడితే ఎవరో తర్వాత కలిపారేమో చూడాలి.

మీ లెక్కకూ పెట్టెలోని చీటీకీ తేడా వస్తే చీటీనే నమ్మండి. ‘వరస పూర్తి చేద్దాం’ అని బజారులో మరో స్టార్ కొని కలపడం ఈ పనిలో పెద్ద పాపం. వందేళ్లకు దాన్ని విడదీసేవాడు ఉండడు.

పతకాలు అసలు రానే లేదా? అదీ మామూలే. వాణిజ్య నావికులకు అవి వాటంతట ఇంటికి రాలేదు, అడిగి తీసుకోవాలి. లండన్‌లో క్యూ (Kew) అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ‘బీటీ 395’ అన్న వరుసలో వాణిజ్య నావికులకు జారీ చేసిన పతకాల వివరాలున్నాయి. ముందు అందులో చూడండి. జారీ కాలేదని తేలితే దగ్గరి వారసులుగా దరఖాస్తు పెట్టుకోవచ్చు. నౌకాదళం వారికి బ్రిటన్ రక్షణ శాఖ మెడల్ ఆఫీసు, వాణిజ్య నావికులకు బ్రిటన్ షిప్పింగ్ రిజిస్ట్రీ. దరఖాస్తులో బంధుత్వం చూపే కాగితాలు వరుసగా జత చేయండి. మీకూ ఆయనకూ మధ్య ఒక్క తరం కాగితం లేకపోయినా ఫైలు వెనక్కి వస్తుంది.

5. అసలా, నకలా?

స్టార్లన్నీ ఒకే అచ్చు: ఆరు కొనల నక్షత్రం, రాగి జింకు లోహం, అడ్డం 44 మిల్లీమీటర్లు, మధ్యలో రాజు ముద్రాక్షరాలు, కిరీటం, చుట్టూ పతకం పేరు. వార్ మెడల్ గుండ్రం, 36 మిల్లీమీటర్లు, కుప్రోనికెల్ (రాగి, నికెల్ కలిసిన లోహం). దాని వెనక రెండు తలల డ్రాగన్ మీద నిలబడిన సింహం. పది రెట్ల భూతద్దంతో అక్షరాల అంచులు చూడండి. అచ్చు కొట్టిన పతకంలో అంచు పదునుగా నిలబడుతుంది. పోత పోసిన నకలులో అక్షరాలు కరిగినట్టు మెత్తగా, సందుల్లో సూదిగుచ్చినట్టు గుంటలు ఉంటాయి. కొన్ని నకళ్ల మీద ‘కాపీ’ అని చిన్నగా ఉంటుంది, అంచు కూడా తిప్పి చూడండి.

రిబ్బనుకు అతినీలలోహిత టార్చి పట్టండి. ఈ కాలపు రిబ్బను నీలంగా మెరుస్తుంది, 1940ల నూలు రిబ్బను మెరవదు. రెండు జాగ్రత్తలు: పాత రిబ్బనునే ఎవరైనా సబ్బు పొడితో ఉతికి ఉంటే అదీ మెరుస్తుంది. అలాగే అసలు పతకానికి కొత్త రిబ్బను వేసి ఉండొచ్చు. వెనక పేరు చెక్కి ఉంటే నకలని కాదు, ఇంటివాళ్లు కంసాలి దగ్గర చెక్కించుకుని ఉంటారు.

రంగుల వరస ఎదుట నిలబడి చూసేవారికి ఎడమ నుంచి: 1939-45 స్టార్‌కు ముదురు నీలం, ఎరుపు, లేత నీలం. ముదురు నీలం నావికులది, అది ఎడమకే రావాలి. అట్లాంటిక్‌కు నీలం, తెలుపు, సముద్రపు ఆకుపచ్చ ఒకదాంట్లో ఒకటి కరిగినట్టు. బర్మాకు నడుమ వెడల్పాటి ఎరుపు, రెండు పక్కలా ముదురు నీలం, ఆ నీలంలో నారింజ గీత. తిరగేసి కుట్టిన 1939-45 రిబ్బన్లు చాలా ఫ్రేముల్లో కనబడతాయి.

6. తోమకండి

చింతపండు వద్దు, నిమ్మచెక్క వద్దు, బ్రాసో వద్దు, ఇత్తడి తోమే పొడి వద్దు. పూజ సామాన్లు మెరవాలి, నిజమే. పతకం మీది గోధుమరంగు మురికి కాదు, ఎనభై ఏళ్లలో లోహం తనకు తాను కప్పుకున్న పొర. దాన్ని గీకితే కింది పచ్చి లోహానికి ఉప్పుగాలి నేరుగా తగులుతుంది. పైగా ఒక్కో తోముడికి రాజు ముద్ర కాస్త అరుగుతుంది.

మెత్తని కొత్త బ్రష్‌తో దుమ్ము దులపండి. జిడ్డు ఉంటే ముందు రిబ్బను తీసేసి, దూదిపుల్లకు ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపి అద్దండి, రుద్దకండి. పొయ్యి, దీపం దగ్గర్లో లేకుండా చూసుకోండి. రిబ్బను ఉతకకూడదు, ఎరుపు దిగి తెలుపులోకి పాకుతుంది.

గట్టిగా అంటుకున్న ముదురు ఆకుపచ్చ చిలుముకు కంగారు అక్కర్లేదు. లేత ఆకుపచ్చ పొడి రాలుతూ, తుడిచిన వారానికే మళ్లీ పూస్తుంటే మాత్రం అది లోహాన్ని తినే జబ్బు. ఉప్పులోని క్లోరైడు, గాలిలోని చెమ్మ కలిసి చేసే పని. ఆ పతకాన్ని వెంటనే మిగతావాటి నుంచి వేరు చేసి, పొడి డబ్బాలో సిలికా జెల్‌తో మూసి, మ్యూజియం సంరక్షకులకు చూపించండి.

7. దాచడం: తీర ప్రాంతంలో ఇదే అసలు పని

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం ఇళ్లలో పతకాలకు శత్రువు దొంగ కాదు, చెమ్మ. గట్టిగా మూతపడే పాలిప్రొపిలీన్ డబ్బా తీసుకోండి. అందులో రంగు మారే సిలికా జెల్ 50 గ్రాముల సంచులు రెండు, చెమ్మ శాతం చూపే ఒక చిన్న హైగ్రోమీటరు పెట్టండి. అంకె 40 దగ్గర ఉంటే లోహానికి మంచిది. రిబ్బన్లు, కాగితాలు మరీ ఎండితే పెళుసెక్కుతాయి కనుక వాటిని పక్కన వేరే డబ్బాలో 45 నుంచి 55 మధ్య ఉంచండి. రెండు డబ్బాలనూ కలిపి ఒకే పెట్టెలో పెట్టాలి, ఎప్పుడూ విడిపోకూడదు. జెల్ రంగు మారగానే 120 డిగ్రీల ఓవెన్లో రెండు గంటలు ఉంచితే మళ్లీ పనికొస్తుంది. వానాకాలంలో నెలకోసారి చూడండి.

డబ్బాలోకి రానివ్వకూడనివి: మెత్తగా వంగే పీవీసీ కవర్లు (వాటి జిడ్డు కారి పతకం ఆకుపచ్చగా జిగురెక్కుతుంది), రబ్బరు బ్యాండ్లు, ఉన్ని గుడ్డ, న్యూస్‌పేపరు, కలరా ఉండలు, కర్పూరం, వేపాకు. పురుగు రాకుండా అని వేసే వాటి ఆవిరీ తడీ కాగితానికీ రిబ్బనుకూ చేటు. ఆమ్లం లేని టిష్యూ, మైలార్ (పారదర్శక పాలియెస్టర్) కవరు చాలు. సంతాప చీటీని లామినేట్ చేయకండి. వేడికి జిగురు కాగితంలోకి ఇంకిపోతుంది, మళ్లీ ఊడదు.

8. ఫ్రేములో పెట్టాలనుకుంటే

గోడ మీది ఫ్రేములో పాత రిబ్బన్లు పెట్టొద్దు. పతకానికి 15 సెంటీమీటర్ల చొప్పున 32 మిల్లీమీటర్ల వెడల్పు కొత్త రిబ్బను కొని, దాన్ని కడియంలోంచి దూర్చి వెనక్కి మడిచి, నూలు దారంతో బోర్డుకు కుట్టండి. ఫెవికాల్, డబుల్ టేపు పతకాన్ని తాకకూడదు. వరస ఎడమ నుంచి: 1939-45, అట్లాంటిక్, ఆర్కిటిక్, ఆఫ్రికా, పసిఫిక్ లేదా బర్మా, ఇటలీ, చివర వార్ మెడల్. అద్దానికీ పతకానికీ మధ్య కనీసం ఒక సెంటీమీటరు ఖాళీ ఉండాలి. వెనక ప్లైవుడ్, ఎండీఎఫ్ పెట్టకండి, వాటిలోంచి వచ్చే ఆమ్లపు ఆవిరి లోహాన్ని మచ్చ చేస్తుంది. ఎండ పడే గోడ, వంటింటి గోడ, బయటి గోడ మూడూ కాదు. చీటీకి రంగు జిరాక్సు పెట్టండి, అసలు చీటీ డబ్బాలోనే ఉండాలి.

వారసులు స్మారక దినాన ధరించాలంటే కుడి రొమ్ము మీద పెట్టుకోవాలి. ఎడమ పక్క పతకం సంపాదించిన వాడిది.

చివరగా, ఫ్రేము వెనకా డబ్బా మూత లోపలా ఆమ్లం లేని కాగితం మీద మెత్తని పెన్సిల్‌తో ఇవి రాయండి: పూర్తి పేరు, సర్వీసు నంబరు, హోదా, ఓడ, పోయిన తేదీ, చోటు, వయసు, స్మారకం పేరు, పలక నంబరు, పతకాల పేర్లు వరసగా, మీకు ఏమవుతాడో, ఏ కాగితం ఎక్కడుందో. బాల్‌పెన్ సిరా పాకుతుంది, స్కెచ్‌పెన్ వెలిసిపోతుంది, పెన్సిల్ గీత నిలుస్తుంది. మీరు మార్చినవీ రాయండి, ‘రిబ్బన్లు కొత్తవి’ అని, మార్చిన నెల, సంవత్సరంతో సహా. కింద మీ పేరు, తేదీ వేసి, ఇంకో ప్రతి ఇంట్లో అందరికన్నా చిన్నవాళ్ల చేతికివ్వండి.